ఫోనులో బి.డి. చదివితే పాస్టరేట్ ఇస్తారా?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం పోస్టరు తిరుగుతూ ఉంటుంది. నల్ల గౌను, చదరపు టోపీ, చేతిలో చుట్టిన పట్టా, పక్కన ఎన్నడూ పేరు వినని విదేశీ విశ్వవిద్యాలయం ముద్ర. ‘ఇంటి నుంచే బి.డి., ఎం.డివ్., డాక్టరేట్’ అని పెద్దక్షరాలు, అడుగున డబ్బు పంపాల్సిన నంబరు. గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో ఆదివారం వాక్యం చెప్పే కుర్రాడికీ అది వస్తుంది, ఉట్నూరు ఏజెన్సీలో గోండు గూడెం సంఘాన్ని నడిపే పెద్దాయనకూ వస్తుంది. కుర్రాడు ఆగలేడు. తెలిసిన పాస్టరుగారికి ఫోన్ చేస్తాడు: “అయ్యగారూ, ఈ కోర్సు చేస్తే మన అధ్యక్ష మండలంల తీసుకుంటరా?”

తీసుకోరు. సూటి జవాబు అదే. అయితే అంతటితో ఫోన్ పెట్టేయడం అన్యాయం. ఆ కుర్రాడికి చదువు నిజంగానే కావాలి. హైదరాబాద్ వెళ్లి నాలుగేళ్లు హాస్టల్లో ఉండి బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, చదివే వీలు అతనికి లేదు. ఇంటి దగ్గరే ఉండి చదివే వేదాంత విద్య అతనిలాంటి వాళ్ల కోసమే పుట్టింది. దాన్ని ఉద్యోగానికి టికెట్టని అమ్మేవాళ్లు ఒకవైపు మోసం చేస్తుంటే, ‘ఆన్‌లైన్ చదువా, అదేం చదువు’ అని మొహం తిప్పుకునే పెద్ద సంఘాలు రెండోవైపు ఆ మోసానికి దారి వదులుతున్నాయి.

ముందు ఈ ప్రాంతంలో ప్రార్థనలు ఎవరు నడుపుతున్నారో చూడాలి. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వచ్చాయిగానీ చర్చిల పటం పాతదే. దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) కరీంనగర్ కేంద్రంగా 1978 నుంచి అధ్యక్ష మండలం ఉంది. కేరళ మూలాలున్న సీరో మలబార్ కథోలికులకు 1999లో ఆదిలాబాద్ పేరుతో మేత్రాసనం ఏర్పడింది, దాని ప్రధాన దేవాలయం మంచిర్యాలలో ఉంది. ఈ రెంటికీ బయట, రేకుల షెడ్లలో, అద్దె హాళ్లలో, ఇంటి ముందటి పందిళ్లలో స్వతంత్ర సంఘాలు నడుస్తున్నాయి. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో క్రైస్తవులు దాదాపు 1.3 శాతమే. సంఖ్య చిన్నదే అయినా సంఘాలు ఊరూరా ఉన్నాయి. చిన్న సంఘానికి పూర్తికాలపు పాస్టరును పోషించే శక్తి ఉండదు. అందుకే వారమంతా కరెంటు పనో, మొబైల్ రిపేరో, ఆటో నడపడమో చేసుకునే మనిషే ఆదివారం పుల్పిట్ ఎక్కుతాడు.

ఆ మనిషి పని ఆదివారంతో అయిపోదు. గల్ఫ్‌లో చనిపోయిన వలస కార్మికుడి శవపేటిక శంషాబాద్‌లో దిగి, అంబులెన్సులో జగిత్యాల దగ్గరి ఊరికి చేరేసరికి తెల్లవారుతుంది. భార్య పేటిక తెరవమంటుంది, బావమరుదులు వద్దంటారు. పేటికతో వచ్చిన కాగితాల్లో గుండెపోటు అని రాసి ఉంటుంది, తోటి కూలీ ఫోన్‌లో ఉరి అని చెప్పి ఉంటాడు. ఉరి వేసుకున్నవాడికి భూస్థాపన ప్రార్థన చేయొచ్చా అని ఒక పెద్దమనిషి పాస్టరును పక్కకు పిలిచి అడుగుతాడు. అక్కడ చేతిలో గూగుల్ ఉన్నా లాభం లేదు. ఆ గడపలో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, వారం తర్వాత ఆదరణ కూడికలో ఆ పిల్లల ముందు తండ్రి గురించి ఏం చెప్పాలి అనేవి ముందే చదివి, పెద్దవాళ్లతో చర్చించి ఉండాల్సిన సంగతులు. పాస్టోరల్ కేర్ అనే సబ్జెక్టు వాటి గురించే.

కాలేజీని విద్యార్థి దగ్గరకు తీసుకెళ్లడం జూమ్‌తో పుట్టిన ఆలోచన కాదు. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు, పల్లెల్లో సంఘాలు నడిపే అసలు నాయకులు సంసారాలు వదిలి పట్నం రాలేరని గ్రహించి, పాఠాలను పుస్తకాలుగా పంపి వారం వారం దగ్గరి ఊళ్లో క్లాసు పెట్టడం మొదలెట్టారు. ఎనిమిదేళ్లలో ఆ పద్ధతి మన దేశానికి వచ్చింది: బెంగళూరులో ‘టాఫ్టీ’ సంస్థ 1971లో ఏర్పడింది. ఇంటి దగ్గర చదువుకో, వారానికోసారి తోటివాళ్లతో కూర్చో, నేర్చుకున్నది ఆదివారం సంఘంలో చేసి చూడు అన్నది దాని పద్ధతి.

ఇక దూరవిద్య అంటే కరీంనగర్ వాళ్లకు ఒకరు పాఠం చెప్పాల్సిన పనిలేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది, ఇప్పుడది అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డిది కరీంనగర్ జిల్లా మైలారం. 1985లో ఇగ్నోకు తొలి వైస్ ఛాన్సలరూ ఆయనే, తర్వాత యూజీసీ ఛైర్మనూ అయ్యారు. బస్సు కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఇంటిపట్టునుండే ఆడవాళ్లు డిగ్రీలు తెచ్చుకున్నది ఆ దారిలోనే. అలాంటి నేలమీద ‘దూరవిద్య చదువు కాదు’ అంటే నవ్విపోతారు. ప్రశ్న ఎవరు ఇచ్చిన డిగ్రీ అన్నదే.

ఇక్కడ కొంచెం చరిత్ర తెలియాలి. మన దేశంలో ప్రొటెస్టెంటు సంఘాలు ఎక్కువగా లెక్కలోకి తీసుకునే బి.డి. సెరాంపూర్‌ది. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న సెరాంపూర్ ఒకప్పుడు డేన్‌ల స్థావరం. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు 1818లో అక్కడ కళాశాల పెట్టారు. తెలుగుకు వ్యాకరణం రాసి 1814లో అచ్చువేసిన కేరీయే ఈ కేరీ. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ దానికి డిగ్రీలిచ్చే అధికారపత్రం ఇచ్చాడు. 1918లో బెంగాల్ శాసనం ఆ అధికారాన్ని సెనేట్ చేతిలో పెట్టింది. డేన్‌లు పోయారు, ఇంగ్లిషువాళ్లూ పోయారు, ఆ పట్టా మాత్రం నడుస్తోంది. తెలుగునాట ఆ సెనేట్ కింద పెద్ద కాలేజీ హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. 1964లో వేర్వేరు మిషన్ల సెమినరీలు కలవడంతో రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాద్‌కు మారింది. డిగ్రీ చేసినవాళ్లకు బి.డి. అక్కడ ఏళ్ల తరబడి నడిచే రెసిడెన్షియల్ కోర్సు. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్రతోపాటు ఇతర మతాల అధ్యయనం కూడా సిలబస్‌లో ఉంటుంది. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. గుడి ఆవరణలోనే దర్గా ఉన్న ఊరుగా పేరుపడిన వేములవాడ పక్కన సంఘం నడిపేవాడికి అది గ్రీకుకంటే ఎక్కువ పనికొస్తుంది.

అదే సెనేట్, ‘సెప్టర్’ అనే తన విభాగం ద్వారా ఉద్యోగాలు చేసుకునే విశ్వాసుల కోసం క్రైస్తవ అధ్యయనాల్లో డిప్లొమా, బ్యాచిలర్, మాస్టర్ కోర్సులను దూరవిద్యలో నడుపుతోంది. వీటికి పోస్టర్లు కనబడవు. గౌను ఫోటోలు లేని చోటే సరుకు ఉండటం ఈ రంగంలో మామూలే.

మరి పోస్టరు వేసేవాళ్ల సంగతి? 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం మన దేశంలో డిగ్రీ ఇవ్వాలంటే చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయమైనా కావాలి, డీమ్డ్ హోదా అయినా ఉండాలి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమైనా ఇచ్చి ఉండాలి. విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ డిగ్రీలు నడపాలంటే 2020 నిబంధనలు పెట్టిన షరతులకు తూగాలి. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ కింద రెండు పేర్లు కనిపిస్తాయి: గుంటూరు చిరునామాతో ‘క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ’, విశాఖపట్నం చిరునామాతో ‘బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా’. ఇంజినీరింగూ కాదు, మెడిసినూ కాదు, రెండూ బైబిలు పేరు పెట్టుకున్నవే. మతం మాటున పట్టాలమ్మితే ఎవరూ అడగరన్న ధీమా తెలుగునాట ఎంత ఉందో ఆ రెండు పేర్లు చూస్తే తెలుస్తుంది.

విదేశీ పట్టాలకూ కొలతలున్నాయి. అమెరికా, కెనడాల్లో వేదాంత కళాశాలలకు గుర్తింపునిచ్చే ఏటీఎస్ సంస్థ లెక్కలో ఎం.డివ్.కు (మాస్టర్ ఆఫ్ డివినిటీ) కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి. పూర్తికాలం చదివినా మూడేళ్ల పని. లిబర్టీ లాంటి విశ్వవిద్యాలయాలు అదే చదువును ఆన్‌లైన్‌లోనూ చెబుతాయి. ఆరు నెలల్లో చేతికొచ్చే ఎం.డివ్. అక్కడ కూడా ఎం.డివ్. కాదు. ఇక గౌరవ డాక్టరేట్ల వ్యాపారానికి పాత చరిత్రే ఉంది: కాలిఫోర్నియా మోడెస్టోలో కర్బీ హెన్స్‌లీ 1962లో పెట్టిన యూనివర్సల్ లైఫ్ చర్చ్ అడిగినవాళ్లకల్లా అభిషేకమూ, డబ్బు కట్టినవాళ్లకు డివినిటీ డాక్టరేటూ పోస్టులో పంపేది. మన ఫ్లెక్సీల మీద పాస్టర్ల పేర్ల ముందు మొలిచే ‘డాక్టర్’లలో ఎన్ని ఏ విశ్వవిద్యాలయం నుంచి వచ్చాయో ఆ సంఘస్థులు ఒక్కసారి మర్యాదగానే అడిగి చూడొచ్చు.

సరే, పట్టా నికార్సయినదే అనుకుందాం. ఆ తర్వాత పనేమిటి?

సీఎస్ఐలో వరుస తలకిందులుగా ఉంటుంది. ముందు అధ్యక్ష మండలం అభ్యర్థిని ఎంచుకుని, పంపి, చదివిస్తుంది. బి.డి. అయ్యాక పరిశీలన కాలం, తర్వాత డీకన్, ఆపైన ప్రెస్బిటర్. సొంత ఖర్చుతో కాలేజీకి వెళ్లి రెగ్యులర్ బి.డి. చేసినవాడికే అధ్యక్ష మండలం ఉత్తరం లేకపోతే పాస్టరేట్ దొరకదు, ఆన్‌లైన్ వాడి మాట చెప్పేదేముంది. కథోలికుల్లో ప్రశ్నే లేదు. గురుమఠంలో పదేళ్లకు అటూ ఇటుగా ఉండి గురువు కావాల్సిందే. స్వతంత్ర సంఘాల్లో మళ్లీ పూర్తిగా వేరే లోకం. అక్కడ డిగ్రీ ఎవరూ అడగరు. హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా వందల సంఘాలు లేపిన బక్త్‌సింగ్ ఏ సెమినరీ పట్టా లేకుండానే, పనివాళ్లను తన పక్కన ఉంచుకుని తయారుచేశాడు. కాబట్టి డిగ్రీ తప్పనిసరి అయిన చోట ఆన్‌లైన్ చెల్లదు, ఆన్‌లైన్ చెల్లే చోట డిగ్రీయే అక్కర్లేదు. పోస్టరు వేసేవాడు చెప్పని రహస్యం ఇదే.

ఆ పోస్టరు మీద లేని ఇంకో సంగతికి జైలు శిక్ష కూడా ఉంది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం పెళ్లి జరిపించే అధికారం ఎవరికుందో అయిదో సెక్షన్‌లో చెబుతుంది: బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులకు, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన మతబోధకులకు, మరికొందరికి. అధికారం లేకుండా జరిపిస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బి.డి. ఉన్నంత మాత్రాన ఆ లైసెన్సు రాదు. రేకుల షెడ్డులో పెళ్లి బాగానే అవుతుంది. చిక్కంతా అబ్బాయి వీసా కాగితాలకు సర్టిఫికెట్ అడిగినప్పుడు, లేదా భర్త పోయాక భార్య పింఛనుకు తిరిగినప్పుడు బయటపడుతుంది.

కులం లెక్క కూడా చదువు లెక్కలోకి వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఇక్కడ బీసీ-సి, వాళ్ల కోటా ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. ఇంట్లో ప్రార్థన చేసుకునే మాల, మాదిగ యువకుడు పేరు ముందు ‘రెవరెండ్’ రాసుకున్న రోజు తన సర్టిఫికెట్‌తో, పిల్లల స్కాలర్‌షిప్‌తో పందెం కాస్తున్నాడు. ఆదిలాబాద్ గోండు, కొలాం యువకుడికి ఈ బాధ లేదు, ఎస్టీ హోదాకు మతం అడ్డు రాదు. పట్టా ఒకటే, గోదావరికి ఇవతల ఒక ఫలితం, అవతల ఇంకో ఫలితం. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ, దాని మీద కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కోర్సులో చేరేముందు కుర్రాడికి ఈ సంగతి చెప్పేవాళ్లు ఒకరైనా ఉండాలి.

జీతమొచ్చే కొలువులు బొత్తిగా లేవని కాదు. సైన్యంలో మతబోధకులను జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లుగా తీసుకుంటారు. పండితుడికి శాస్త్రి, ఆచార్య లాంటి సంస్కృత పట్టా కావాలి. పాద్రీకి ఏదైనా డిగ్రీ చాలు, అయితే సంబంధిత సంఘం నుంచి అభిషేకం పొంది, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో పేరు ఉండాలి. చూశారా, సైన్యం కూడా పట్టాకంటే బిషప్‌గారి జాబితానే అడుగుతోంది. వేలూరు సీఎంసీ వంటి ఆసుపత్రుల్లో చాప్లిన్లు ఉంటారు. అమెరికా ఆర్-1 వీసా మతపరమైన ఉద్యోగులది. దానికి ఆ సంఘ శాఖలో కనీసం రెండేళ్ల సభ్యత్వం చూపాలి, మొత్తం అయిదేళ్లకు మించి ఉండనివ్వరు. దుబాయ్‌లో హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధించుకుంటాయి. గల్ఫ్‌లో తెలుగు కూడికలు నడిపేవాళ్లలో ఎక్కువమంది పగలు వేరే ఉద్యోగం చేసేవాళ్లే.

ప్రభుత్వం చెయ్యి కూడా సమంగా లేదు. తెలంగాణలో ధూపదీప నైవేద్యం కింద చిన్న గుళ్లకు నెలకు ఇచ్చేది 2023లో 10,000 రూపాయలైంది. ఇమామ్‌లు, ముఅజ్జిన్‌లకు 2018 నుంచి 5,000. పాస్టర్లకూ 10,000 నుంచి 12,000 ఇస్తామని 2023 నవంబరులో కాంగ్రెస్ మైనారిటీ డిక్లరేషన్‌లో మాటిచ్చింది. మాట నిలబడ్డా సరే, నెలకు పదివేలను కెరీర్ అని పిలవడం కుదరదు. సంసారం నడిచేది ఆటోతోనో, మొబైల్ షాపుతోనో.

అలాంటప్పుడు ఆన్‌లైన్ చదువును ఉద్యోగంతో తూచడమే పొరపాటు. ఆటో నడుపుకుంటూనే సంఘం చూసుకునే మనిషిని కాస్త మెరుగైన పాస్టరుగా చేస్తే దాని ఖరీదు దానికి వచ్చినట్టే. అది జరగాలంటే మూడు లోపాలు తీరాలి. మొదటిది భాష. మంచి కోర్సులు ఎక్కువగా ఇంగ్లిషులో ఉన్నాయి. పాఠం ఇంగ్లిషులో విని, తెలుగులో ప్రసంగం రాసుకుని, నార్నూరులో గోండిలో చెప్పాలి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్ వచ్చింది, అంటే ఫోనులో ఆ లిపి టైపు చేసే దారి తెరుచుకుంది. పాఠాలు మాత్రం రాయాల్సి ఉంది. రెండోది, పక్కన ఉండే పెద్ద. జూమ్ క్లాసులో కెమెరా ఆపుకుని పడుకోవచ్చు, భూస్థాపనలో పడుకోలేడు. వారానికోసారి ఎదుట కూర్చుని ‘మొన్న ఆ ఇంట్లో ఏం చెప్పావు, ఎందుకు చెప్పావు’ అని అడిగే ప్రెస్బిటర్ లేకపోతే ఆ చదువు పరీక్ష దగ్గరే ఆగిపోతుంది.

మూడోది ఎవరూ మాట్లాడనిది. సంఘంలో సగం పని చేసేది పాస్టరమ్మ, అంటే పాస్టరుగారి భార్య. భర్త కొట్టిన మనిషి అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేది ఆమె కోసం. ఆడపిల్లలు నోరు విప్పేది ఆమె దగ్గర. ఆమెకు జీతం లేదు, పదవి లేదు, శిక్షణ అసలే లేదు. సీఎస్ఐ స్త్రీలకు గురుత్వం ఇవ్వడం 1970లలోనే మొదలెట్టింది. హైదరాబాద్ వేదాంత కళాశాలలో చదివిన పుష్పలలిత 2013లో నంద్యాల బిషప్ అయ్యారు, సీఎస్ఐలో ఆ పదవి అందుకున్న మొదటి స్త్రీ ఆమే. కానీ ఇద్దరు పిల్లల తల్లి బెల్లంపల్లి నుంచి హాస్టలుకు వెళ్లి నాలుగేళ్లు చదవలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఫోనులో పాఠం వినగలదు. కరీంనగర్ అధ్యక్ష మండలం నిజంగా ఏదైనా చేయదలిస్తే, ఒక పాస్టరేట్‌లో పదిమంది పాస్టరమ్మలను సెప్టర్ డిప్లొమాలో చేర్పించి, ఫీజు తానే కట్టి, వారానికోసారి కూర్చోబెట్టి పాఠం అడిగే మనిషిని నియమించవచ్చు. సింగరేణి పట్టణాల్లో మొదలుపెడితే గది వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, చర్చి హాళ్లు వారంలో ఆరు రోజులు ఖాళీగానే ఉంటాయి.